ఒకే పెన్సిల్ కింద

మెట్లెక్కుతుంటేనే వినిపిస్తుంది ఆ చప్పుడు. ఎండుటాకు మీద చీమ నడిచే చప్పుడు మన చెవికి అందదు గానీ, అందితే ఇలాగే ఉంటుందేమో. గాజు మీద పెన్సిల్ మొన నడుస్తుంటుంది. సన్నగా గీరుతుంది, ఆగుతుంది, మళ్లీ గీరుతుంది. ఆగినప్పుడల్లా ఎవరి బుగ్గ మీదో ఒక మచ్చ లోకం దగ్గర సెలవు తీసుకుందన్నమాట.

తర్వాత గొంతు. "తలుపు తీసే ఉంది. రావాలా వద్దా అని అక్కడే నిలబడి ఆలోచించకండి. ఈ ఊరివాళ్లకి ఆలోచన అచ్చిరాదు."

ఆ తర్వాతే మనిషి. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, బల్ల మధ్యలో చిన్న గాజు, దాని అడుగున అద్దం. అద్దం కిటికీ వెలుతురును పట్టుకుని పైకి విసురుతుంటుంది. ఆ వెలుతురు కింది నుంచి మొహం మీద పడినప్పుడు ముడతలకన్నా ముందు, నెరిసిన జుట్టుకన్నా ముందు, మూతి విరుపు కనిపిస్తుంది. ఊరంతా ఆమెను పెన్సిలమ్మ అంటుంది. ఊరిని ఆమె ఏమంటుందో ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఫోటోలకు మెరుగులు దిద్దడం ఆమె పని. ఇప్పుడా పని కంప్యూటర్లు చేస్తున్నాయి. అయినా పాత ఫోటోలు బాగుచేయించుకునేవాళ్లు అడపాదడపా వస్తారు. ఎవరూ రాని రోజు ఆమె ఏదో ఒక పాత గాజు నెగెటివ్ పలక తీసి బల్ల మీద పెట్టుకుంటుంది. చెయ్యి ఊరుకోదు.

నెగెటివ్‌ది తలకిందుల లోకం. అందులో తెల్లటి మనిషి నల్లగా ఉంటాడు, నల్లటి మనిషి గాజంత తేటగా ఉంటాడు. కాబట్టి ఫోటోలో ఒకడు తెల్లబడాలంటే నెగెటివ్‌లో వాడి మొహానికి నలుపు రుద్దాలి. రెండు జడల వయసులోనే పెన్సిలమ్మకు వాళ్ల నాన్న ఈ ముక్క చెప్పి చేతిలో పెన్సిల్ పెట్టాడు. మసి పూసి మారేడుకాయ చేయడం అంటారే, వేరే ఇళ్లలో అది సామెత. ఆ ఇంట్లో మూడు పూటలా తిండి.

ఆ రోజుల్లో ఊరు రెండు ముక్కలు, మెరక, పల్లం. మెరకవాళ్లు తెల్లగా ఉండేవారు, పెద్ద మందిరంలో ప్రార్థన చేసేవారు, వాళ్ల ఆడవాళ్లు తలకు తెల్ల రుమాలు కట్టుకునేవారు. పల్లంవాళ్లు నల్లగా ఉండేవారు, చిన్న మందిరానికి వెళ్లేవారు, మెడలో నల్లతాడుకు నల్లచెక్క బిళ్ల వేసుకునేవారు. దేవుడు ఎవరి మాట వినేవాడో తెలీదు. వానలు పడితే మెరక మురుగంతా మోసుకుని నీళ్లు మాత్రం పల్లానికే పోయేవి. నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు అని పెద్దలు ఊరికే అనలేదు.

స్టూడియో మేడ మీద ఉండేది, మెరక అయిపోయి వాలు మొదలయ్యే చోట. ముందు మెట్లు మెరక వీధిలోకి, పెరటి మెట్లు పల్లం సందులోకి. మెరకవాళ్లు ముందు మెట్లెక్కి వచ్చి మెత్తటి కుర్చీలో కూర్చునేవారు. పల్లంవాళ్లు పెరటి మెట్లెక్కి వచ్చి చెక్కపెట్టె మీద కూర్చునేవారు. ఫోటో తీసేది ఛాతీ దాకానే. అందులో కుర్చీ పడదు, పెట్టె పడదు. అయినా ఏనాడూ ఒకరు పొరపాటున కూడా రెండోదాని మీద కూర్చోలేదు. ఆ ఊళ్లో బుద్ధి ఎవరికైనా ఎక్కడైనా పనిచేసిందంటే అది కూర్చునే చోటే.

పల్లంవాళ్లు ఫోటోలు తీయించుకునేది మిల్లు ఉద్యోగాల కోసం. అడిగేది ఒకటే. "కొంచెం తెల్లగా ఉండాలి బాబుగారూ. బిళ్ల కనపడకూడదు." ఆ బిళ్ల మెడలోంచి తీయకూడదని, చొక్కా లోపల దాచకూడదని వాళ్ల నియమం. ఫోటోలోంచి తీయకూడదని మాత్రం ఏ పెద్దా చెప్పి చావలేదు. అందుకని బిళ్లతోనే కూర్చునేవారు, గుండె మీద దేవుణ్ని పెట్టుకుని కెమెరా వైపు చూసేవారు. ఆ తర్వాత పెన్సిలమ్మ దేవుడి మీద పెన్సిల్ రుద్దేది. పాపం ఎవరికీ అంటేది కాదు. చేతులకు మసి ఆమెకే అంటేది.

దీపాలు సర్దేదీ, కూర్చున్నవాళ్ల గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పేదీ పెన్సిలమ్మ అక్క. తెల్ల రుమాలు, నవ్వితే సొట్టపడే బుగ్గ, కుడి కనుబొమ్మ పక్కన కందిగింజంత పుట్టుమచ్చ. ఒకరోజు పెట్టె మీద ఒక పల్లం కుర్రాడు కూర్చున్నాడు. దొప్ప చెవులు. అక్క వాడి గడ్డం పైకెత్తింది. ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయింది. కథ అంతే. మిగతాది ఊరు చేసిన గొడవ.

"పల్లంవాడి మొహం తెల్లగా చేయడానికి పనికొచ్చాం గానీ, వాడికి పిల్లనివ్వడానికి పనికిరామా నాన్నా?" అని అక్క అడిగింది.

"పని వేరు, పరువు వేరు" అన్నాడు నాన్న.

అక్క చిన్న మందిరంలో పెళ్లి చేసుకుంది, రుమాలు మాత్రం తీయలేదు. మెరకవాళ్లు చీ అన్నారు. పల్లంవాళ్లు కూడా చీ అన్నారు, కాకపోతే కొంచెం మెల్లగా, ఎందుకంటే పెద్దగా అనడం వాళ్లకింకా అలవాటు కాలేదు. నాన్న ఇంట్లో ఉన్న పలకలన్నీ ముందేసుకుని, బ్లేడుతో కూతురి మొహం గీకడం మొదలుపెట్టాడు. పుట్టినరోజువీ, పండగలవీ, అమ్మ ఒళ్లోవీ, ఒక్కటి వదల్లేదు. నెగెటివ్‌లో గీకిన చోటు ఫోటోలో నల్లటి బొక్కవుతుంది. ఆ ఇంటి ఆల్బంలో ఈనాటికీ అమ్మ ఒక నల్లటి బొక్కను ఎత్తుకుని నవ్వుతూ ఉంటుంది.

మిగిలింది ఒక్క పలక. అది నాన్న పొరుగూరు వెళ్లిన రోజున అక్కాచెల్లెళ్లు దొంగచాటుగా తీసింది. మిల్లువాళ్లు గుమాస్తా పనీ, ఉండడానికి క్వార్టర్సూ ఇవ్వాలంటే మొగుడూ పెళ్లాల ఫోటో అడిగారు. ఆ రోజు అక్క పెరటి మెట్లెక్కి వచ్చింది, సొంత ఇంటికి. పెట్టె మీద మొగుడి పక్కన కూర్చుంది.

"బావకి ఎంత తెల్లదనం కావాలి?" అంది చెల్లెలు.

"మీ నాన్న అల్లుడిగా ఒప్పుకునేంత" అన్నాడు బావ.

"అంత పెన్సిల్ ఏ కొట్లోనూ దొరకదు" అంది అక్క. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "నా మొహం జోలికి మాత్రం రాకు. మచ్చతో సహా ఉన్నదున్నట్టు ఉండనీ" అంది.

చెల్లెలు బావ మొహానికీ మెడకూ బిళ్లకూ పెన్సిల్ వేసింది. అక్కను తాకలేదు. ఆ ఫోటోతో బావకు పని దొరికింది, క్వార్టర్స్ దొరికింది, పల్లం నుంచి మిల్లులో మొదటి గుమాస్తా అన్న పేరూ దొరికింది. మొదటిరోజు మిల్లు మేనేజరు ఫోటోను చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ ఫోటోను చూశాడు. "ఎండలో బాగా నడిచొచ్చినట్టున్నావు" అన్నాడు. బావ అవునండీ అన్నాడు. ఆ ఎండ ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కసారీ దిగలేదు. మేనేజరూ మళ్లీ అడగలేదు. కళ్లెదుట ఉన్నదాన్ని కాక కాగితం మీద ఉన్నదాన్ని నమ్మేవాళ్లకే మేనేజరు ఉద్యోగాలిస్తారు.

అక్క ఎక్కువ కాలం బతకలేదు. ఒక కొడుకును కని, వాడు మాటలు నేర్చేలోపు జ్వరంతో పోయింది. పెద్ద మందిరం శ్మశానం వద్దంది, చిన్న మందిరం శ్మశానమూ వద్దంది. జన్మలో ఒక్క విషయం మీద ఏకాభిప్రాయానికి రాని రెండు మందిరాలూ ఆ సాయంత్రం ఒక్క మాట మీద నిలబడ్డాయి. మిల్లు ప్రహరీ పక్కన ఖాళీ నేలలో పెట్టారు. ఆ రోజు పెన్సిలమ్మ తల మీది రుమాలు విప్పి, పలకలు తుడిచే గుడ్డగా పెట్టుకుంది. భయపడి కాదు. దేవుడి మీద అలిగి.

తర్వాత కాలం మారింది. ఏదో చట్టం వచ్చింది. మిల్లు ఫోటోలు అడగడం మానేసింది. నాన్న పోయాడు. పెరటి తలుపుకు తాళం పడింది, తాళానికి తుప్పు పట్టింది, చెక్కపెట్టె మీద పూలకుండీ వెలిసింది. అందరూ ముందు మెట్లే ఎక్కారు, అందరూ కుర్చీలోనే కూర్చున్నారు. "మన ఊళ్లో ఎప్పుడూ అలాంటివి లేవండీ" అనేవారు మెరక పెద్దలు, గడ్డం కొంచెం పైకెత్తి, ఫోటోకు సిద్ధమవుతూ. పెన్సిలమ్మ కెమెరా గుడ్డలో తల దూర్చి నవ్వుకునేది. ఆ నల్లగుడ్డ కింద ఎంత నవ్వినా బయటికి కనపడదు. ఆ వృత్తిలో ఉన్న సుఖం అదొక్కటే.

ఒక్కటి మాత్రం మారలేదు. బిళ్ల దాచమని అడగడం పోయింది గానీ, "కొంచెం తెల్లగా" పోలేదు.

మళ్లీ కాలం మారింది. పల్లంలో ఇళ్లు పెరిగాయి, మనుషులు పెరిగారు, వాళ్ల మాట పెరిగింది. మెరకవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లమ్ముకుని పోయారు. మిగిలినవాళ్లు గొంతు తగ్గించుకున్నారు. ఒకనాటి కోడలు అత్త అయింది. అయ్యాక తన అత్త దగ్గర నేర్చుకున్నవి ఒక్కటీ మర్చిపోలేదని రుజువు చేసుకుంది. చొక్కాల మీది బిళ్లలు పెద్దవయ్యాయి, తర్వాత తలుపుల మీదికి వచ్చాయి, తర్వాత బళ్ల మీదికి. పెద్ద మందిరం కిటికీలకు రాళ్లు తగిలాయి. ముసలివాడైన బావను సభల్లో కూర్చోబెట్టారు. "నేను నా బిళ్లను ఏనాడూ దాచలేదు" అని మైకులో చెప్పాడు ఆయన. అబద్ధం కాదు. దాచింది మరదలు.

ఒక మధ్యాహ్నం పెరటి తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు. తుప్పు తాళాన్ని నూనె పోసి, సుత్తితో కొట్టి తీస్తే, ఒక మెరక పిల్ల. చేతిలో తెల్ల రుమాలుతో ఉన్న తన ఫోటో, దాని నెగెటివ్.

"ముందు మెట్లుండగా ఇటెందుకొచ్చావే?" అంది పెన్సిలమ్మ.

"ఎవరైనా చూస్తారని, అమ్మమ్మగారూ. ఇల్లు అద్దెకి కావాలి. రుమాలు చూసి ఎవరూ ఇవ్వట్లేదు. ఇందులో కనపడకుండా చేస్తారా?"

"తల మీది రుమాలు తీసేసి ఇంకో ఫోటో దిగొచ్చుగా."

"మా వాళ్లు తీయకూడదంటారు. ఫోటోలో తీస్తే పర్లేదంట."

పిల్ల వచ్చీ రాగానే, ఎవరూ చెప్పకుండానే, పూలకుండీ పక్కకు జరిపి చెక్కపెట్టె మీద కూర్చుంది. ఆ రుమాలు గీకేందుకు బ్లేడు తీసి పదును చూసుకుంటూ పెన్సిలమ్మ తనలో తను అనుకుంది, మడుగు అదే, కప్పలు చోట్లు మార్చుకున్నాయి.

ఈ మధ్యలోనే ఊరి చివర గుడారాలు లేచాయి. ఎక్కడో ఇళ్లు మునిగిపోతే నడిచి వచ్చినవాళ్లు. పల్లంవాళ్ల తాతలు ఎంత నలుపో వాళ్లూ అంత నలుపు. వాళ్లు బస్సెక్కితే పల్లంవాళ్లు కిటికీ వైపు మొహం తిప్పుకునేవారు. మూడు తరాల్లో కొంచెం రంగు తేలిన పల్లం, తన తాత మొహం బస్సెక్కితే సీటివ్వలేదు. గురివింద గింజ తన నలుపెరగదంటారు. అది పాపం గింజ. వీళ్లు మనుషులు, ఎరిగే ఊరుకుంటారు.

ఇక అక్క మనవడు. కొడుకు కొడుకు. దొప్ప చెవులు తాతవే, పుట్టుకతో వచ్చాయి. పల్లం సంఘానికి అధ్యక్షుడయ్యాక గొంతూ పెరిగింది, ఊరు వాణ్ని మైకు అని పిలవడం మొదలుపెట్టింది. నలుగురిలో ఉన్నప్పుడు ఆమెను "పెన్సిలమ్మగారు" అనేవాడు. పని పడ్డప్పుడు "చిన్ననానమ్మా" అనేవాడు.

ఆ రోజు మెట్ల మీద నుంచే మొదలుపెట్టాడు. "చిన్ననానమ్మా, ఒంట్లో ఎలా ఉంది?"

"నీకేం కావాలో చెప్పు. నా ఒళ్లు ఎక్కడికీ పోదు."

మైకు కుర్చీలో కూర్చుని కాలు మీద కాలేసుకున్నాడు. "సంఘానికి కొత్త హాలు కట్టాం. మొదటి గుమాస్తా మా తాతేగా, నిలువెత్తు ఫోటో పెడుతున్నాం. ఇంట్లో ఉన్న ఫోటోలో బిళ్ల లేదు. నువ్వే తీసేశావంట."

"నేనే."

"ఆ బిళ్ల మళ్లీ రావాలి."

"వస్తుంది. కింద అలాగే ఉంది."

"ఇంకోటి." గొంతు తగ్గించాడు. వాడి గొంతు తగ్గడం ఆమె అదే మొదటిసారి వినడం. "ఆవిడ వద్దు. తాత ఒక్కడే చాలు."

"ఆవిడెవరు?"

"నీకు తెలీదా చిన్ననానమ్మా? ఆ తలగుడ్డతో మా హాల్లో ఎలా పెట్టుకుంటాం చెప్పు. నా ఎదురుపార్టీవాడు ఇప్పటికే వీడిలో మెరక రక్తం ఉందని వాగుతున్నాడు."

"ఉందిగా."

"ఉంటే మాత్రం గోడకి తగిలించుకుంటామా?" అని లేచి, కిటికీ దగ్గరికి నడిచాడు.

అక్కడ, కిటికీ చట్రానికి ఆనించి, ఆ పలక ఉంది. ఏళ్ల తరబడి అక్కడే ఉంది. రోజూ పొద్దున వెలుతురు దాన్ని దాటుకునే గదిలోకి వస్తుంది. గాజులో అక్క నల్లగా ఉంటుంది, రుమాలు బొగ్గులా ఉంటుంది, పుట్టుమచ్చ చిన్న నక్షత్రంలా వెలుగుతుంది. పక్కన తేటగాజు మీద పెన్సిల్ గీతల పొగలో బావ. పెన్సిలమ్మ పొద్దున లేచి చూసే మొదటి మొహం అక్కది. ఇంకే పలకలోనూ మిగలని మొహం.

"ఇదేగా" అన్నాడు మైకు. "ప్రింటుతో పాటు ఇది కూడా ఇచ్చెయ్యి. ఎవడి చేతిలోనైనా పడితే నా పదవికి ఎసరు. మా ఇంటి మనిషి మొహం, మా ఇంటి వస్తువు. మొహం ఎవరిదో పలక వాళ్లదని మీ నాన్నే అనేవాడంటగా."

అనేవాడు. ఆ స్టూడియో మొదటి నుంచీ నడిచిన పద్ధతి అది. ఇంటివాళ్లు వచ్చి అడిగితే పలక ఇచ్చేయాలి. మెరకకైనా, పల్లానికైనా. నాన్న జన్మలో ఇద్దరికీ సమంగా నడిపింది ఆ ఒక్క పద్ధతే. చెడ్డవాడి దగ్గర ఒక మంచి ఉంటే అది కూడా చివరికి ఎవడికి ఉపయోగపడుతుందో చూడండి.

"ఇచ్చాక ఏం చేస్తావురా?"

"ఏం చేస్తాను. నేలకేసి కొడతాను. గాజేగా."

"ఎల్లుండి రా" అంది పెన్సిలమ్మ.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టిందో లేదో ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే పలకను కిటికీ దగ్గర నుంచి తీసింది. దాచేయొచ్చు. పగిలిందని చెప్పొచ్చు. ఆ వెధవ ముందు అబద్ధమాడాల్సి రావడం ఆమెకు చిన్నతనంగా తోచింది. అబద్ధమాడాలంటే అవతలివాడికి ఎంతో కొంత విలువుండాలి.

బిళ్ల కావాలన్నాడుగా అనుకుంది. ఇద్దాం.

దూదికి టర్పెంటైన్ అద్ది, బావ గుండె మీద మెల్లగా రాసింది. పెన్సిల్ పూత మెత్తబడి ఊడింది. బిళ్ల బయటపడింది, గుండ్రంగా, తేటగా, నీళ్లలో చందమామలా. అక్కడితో ఆపొచ్చు. మొహం తెల్లగానే ఉంచి, బిళ్ల ఒక్కటే తేవచ్చు. వాళ్లకు కావలసింది అదే, దేవుడు కనపడాలి, నలుపు కనపడకూడదు. కానీ బిళ్లా నలుపూ ఒకే రోజు, ఒకే చేతితో, ఒకే పెన్సిల్ కిందికి వెళ్లాయి. ఒకటి రావాలంటే రెండోది కూడా రావాలి. ఆమె దూదిని పైకి జరిపింది. మెడ. గడ్డం. బుగ్గలు. నుదురు. అంతకాలం మోసిన తెల్లదనమంతా బూడిదరంగు మరకగా దూదికి అంటుకుంది. ఆ దూదిని చూసి, ఇంతేనా, దీనికోసమా, అనుకుంది.

చీకటిగదిలో ఎర్రదీపం వెలిగించి, మందునీళ్లలో కాగితం వేసింది. ఆ నీళ్లలో నలుపే ముందు పైకి తేలుతుంది. మొదట బిళ్ల వచ్చింది. వెంటనే బావ మొహం, దొప్ప చెవులతో, పెట్టె మీద కూర్చున్న రోజెంత నల్లగా ఉన్నాడో అంత నల్లగా. తర్వాత కనుబొమ్మ పక్కన ఒక చుక్క, గాలిలో వేలాడుతూ. ఆ చుక్క చుట్టూ, అన్నిటికన్నా ఆలస్యంగా, పొగమంచు విడిపోయినట్టు అక్క. రుమాలు చివరిదాకా కాగితం తెల్లగానే ఉండిపోయింది. పెన్సిలమ్మ వేళ్లు నీళ్లలోనే కాసేపు ఉండిపోయాయి.

మైకు చెప్పిన రోజునే వచ్చాడు. వెంట ఇద్దరు కుర్రాళ్లు, మెడల్లో అరచేతులంత బిళ్లలు. ముందు మెట్లు దడదడలాడాయి.

"రెడీయేనా పెన్సిలమ్మగారూ?"

"రెడీ. కుర్చీ ఒకటే ఉంది, మీ వాళ్లలో ఎవరైనా పెట్టె మీద కూర్చోవాలి."

ఎవరూ కూర్చోలేదు. ఆమె ప్రింటును బల్ల మీద పెట్టింది, పక్కన పలక. మైకు వంగి చూశాడు. చూసి, కదల్లేదు. వాడి చూపు మొహం మీద నుంచి చెవుల మీదికి, చెవుల మీద నుంచి మొహం మీదికి తిరిగింది. చిన్నప్పుడు ఏ ఒళ్లో కూర్చున్నాడో వాడి ఒళ్లు మర్చిపోతుందా. వాడు గుర్తుపట్టాడు. పెదవి ఒక్క క్షణం పిల్లాడి పెదవిలా వణికింది. ఆ ఒక్క క్షణం పెన్సిలమ్మకు వాడు అక్క మనవడిలా కనిపించాడు.

అంతలో వెనక నుంచి ఒక కుర్రాడు తొంగిచూశాడు. "ఎవరితను అన్నా? గుడారాలవాడా?"

రెండోవాడు పకపకా నవ్వాడు. "గుడారాలవాడికి మన బిళ్లేంట్రా? ఎక్కడో కొట్టేసుంటాడు."

మైకు నిటారుగా నిలబడ్డాడు.

"ఎవరో" అన్నాడు. "ముసల్దానికి కళ్లు పోయాయి. వేరే ఎవరి పలకో తీసింది."

"సరిగ్గా చూడు నాయనా" అంది పెన్సిలమ్మ మెత్తగా. ఆమె మెత్తగా మాట్లాడితే తెలిసినవాళ్లు భయపడతారు. "మీ తాత కాదా?"

"కాదు."

"పక్కన ఉన్నావిడ?"

"నాకేం తెలుసు? చెప్పానుగా, మా వాళ్లు కాదని."

"నలుగురూ విన్నారుగా. మొహం ఎవరిదో పలక వాళ్లది. నీ మొహం కానప్పుడు పలకా నీది కాదు." పలకను గుడ్డలో చుట్టింది. ఒకప్పటి తెల్ల రుమాలు అది. "వెళ్లిరండి. మెట్లు జాగ్రత్త. పైనుంచి కిందికి దిగడం మీ వాళ్లకింకా అలవాటు లేదు."

పోతూ పోతూ మొదటి కుర్రాడు ఇంకోసారి వెనక్కి తిరిగి ఫోటో వైపు చూశాడు. తర్వాత ముందు నడుస్తున్న మైకు తలను వెనక నుంచి చూశాడు, రెండు పక్కలా నిక్కిన చెవుల్ని. వాడి నోరు కొంచెం తెరుచుకుంది. ఏమనుకున్నాడో గానీ, మూసేశాడు. తెలివైన కుర్రాడు. ఎప్పటికైనా అధ్యక్షుడవుతాడు.

సంఘం హాల్లో ఇప్పుడు నిలువెత్తు ఫోటో ఉంది. కంప్యూటర్లో చేయించారు. పాలమీగడ రంగు మొహం, కళ్లలో దీపాలు, గుండె మీద పళ్లెమంత బిళ్ల. చెవులు తలకు అతుక్కుని బుద్ధిగా ఉన్నాయి. ప్రారంభం రోజున మైకు దానికి దండ వేసి, కళ్లు తుడుచుకున్నాడంట. అసలు తాతను చూసి తుడుచుకోలేని కన్నీళ్లు ఎక్కడో ఒకచోట కార్చాలిగా. పెన్సిలమ్మ ఒకసారి వెళ్లి చూసొచ్చింది. "ఎలా ఉంది?" అని వీధిలో ఎవరో అడిగితే, "చాలా బావుంది. ఎవరి తాతైనా కావచ్చు" అంది.

తర్వాత వారం స్టూడియో బోర్డు మీద ఎవరో తారు పూశారు. ఆమె తుడవలేదు. "నలుపేగా" అంది.

ఆ పలక మళ్లీ కిటికీ దగ్గరికి చేరింది. ఇప్పుడందులో అక్క చీకటిలా ఉంటుంది, బావ ఏ పొగా లేకుండా వెలుతురులా ఉంటాడు. పొద్దున ఎండ బావను దాటి గదిలోకి వచ్చి, అక్క దగ్గర ఆగుతుంది.

ఇదంతా రాసుకోవడానికి వచ్చిన మనిషి రెండు మధ్యాహ్నాలు ఆ గదిలో కూర్చున్నాడు, రెండుసార్లూ పెట్టె మీదే. రెండో రోజు లేచేటప్పుడు, ఇందులో ఏమైనా రాయకుండా వదిలేయాలా అని అడిగాడు. పెన్సిలమ్మ తలెత్తలేదు. కొత్త పెన్సిల్ మొనను గరుకు కాగితం మీద తిప్పుతూ, సూదంత సన్నగా చేస్తోంది.

"వదిలేయడానికి నువ్వెవరు, మా నాన్నవా? మచ్చతో సహా రాయి" అంది. "ఇక పో. పెరటి మెట్ల వైపు తిరుగుతావేంటి? ముందు నుంచే దిగు. పెరటివి ఇప్పటికే చాలామందిని మోసి అరిగిపోయాయి."